కుక్కకు ప్రోబయోటిక్ ఎలా ఇవ్వాలి: డబ్బా కొనే ముందు చూడాల్సినవి, కొన్నాక చేయాల్సినవి

మా కుక్క చుక్కికి చర్మం ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ కోర్సు వాడాల్సి వచ్చింది. నాలుగో రోజుకి చర్మం తేరుకుంది గానీ కడుపు పాడైంది. అర్ధరాత్రి లేచి తలుపు గీకడం, తీసీ తీయగానే బయటికి పరుగెత్తడం, లోపలికి వచ్చి నీరసంగా నా కాళ్ల దగ్గర పడుకోవడం. డాక్టర్ ప్రోబయోటిక్ పౌడర్ రాశారు. చుక్కికి వేడివేడిగా పెడితే ఇష్టం కదా అని, అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన చికెన్ నీళ్లలో ఆ పౌడర్ కలిపి ఐదు రోజులు పెట్టాను. ఏ మార్పూ లేదు. ఫోన్ చేస్తే డాక్టర్ మొదట అడిగింది ఒకటే: "పౌడర్ ఎందులో కలుపుతున్నారు? అది ఎంత వేడిగా ఉంటోంది?"

అప్పటిదాకా నా దృష్టిలో అది ఒక మందు పొడి. అందులో ఉన్నవి ప్రాణమున్న జీవులని, నేను పొగలు కక్కే నీళ్లలో వేస్తే అవి చాలావరకు చచ్చిపోతాయని ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా చదువుతున్నాను, చుక్కిని జాగ్రత్తగా గమనిస్తున్నాను, డాక్టర్‌ను విసుగు రాకుండా ప్రశ్నలు అడుగుతున్నాను. మీ కుక్కకు ప్రోబయోటిక్ ఇవ్వాలనుకుంటుంటే, నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

అసలు ఇది ఏం చేస్తుంది

తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు తీసుకున్న ప్రాణికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం ఇచ్చిన నిర్వచనం ఇంచుమించు ఇదే. "బతికున్న", "తగినంత" అనే రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే జాగ్రత్తల్లో సగం వాటి నుంచే పుట్టాయి.

కుక్క పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. అరగని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారు చేస్తాయి. పెద్దపేగు లోపలి పొర కణాలకు ఆ బ్యూటిరేటే ముఖ్యమైన ఆహారం. ఇంకొన్ని బ్యాక్టీరియా పైత్యరసంలోని ఆమ్లాలను మార్చి, హాని చేసే క్లాస్ట్రీడియం జాతులు పెరగకుండా ఆపుతాయి. యాంటీబయాటిక్, ఉన్నట్టుండి తిండి మార్చడం, ఇన్ఫెక్షన్, కొత్త చోటికి వెళ్లిన భయం లాంటివి ఈ ఏర్పాటును చెదరగొడతాయి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడిన తర్వాత కుక్కల పేగు బ్యాక్టీరియా కొన్ని వారాలపాటు మామూలు స్థితికి రాలేదని పరిశోధనల్లో తేలింది.

మనం ఇచ్చే ప్రోబయోటిక్ ఆ చెదిరిన ఊరికి వచ్చి కొన్నాళ్లు పని చేసి వెళ్లిపోయే సాయం లాంటిది. అక్కడే శాశ్వతంగా కాపురం పెట్టదు. ఇవ్వడం ఆపిన కొన్ని రోజుల్లోనో, వారాల్లోనో అది మలంలో కనిపించకుండా పోతుంది. కాబట్టి "ఒక్క డబ్బాతో పేగులు బాగైపోతాయి" అన్న ప్రచారాన్ని నమ్మకండి.

మొదటి మెట్టు: ఇది ప్రోబయోటిక్‌తో ఆగే సమస్యేనా?

ఈ మెట్టు దాటకుండా ముందుకెళ్లకండి. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా పౌడర్ కోసం వెతకడం మానేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మలంలో ఎక్కువగా రక్తం పడటం, లేదా మలం తారులా నల్లగా, జిగటగా రావడం. విరేచనాలతో పాటు పదేపదే వాంతులు. నీళ్లు కూడా నిలవకపోవడం. లేవలేనంత నీరసం. జ్వరం. పొట్ట ఉబ్బి, వాంతి చేసుకోవాలని ప్రయత్నిస్తున్నా ఏమీ బయటికి రాకపోవడం. ఈ చివరిది జీర్ణాశయం మెలితిరిగిన లక్షణం కావచ్చు, దానికి గంటలు కూడా ఆగకూడదు.

కుక్కపిల్ల అయితే ఇంకా తొందరపడాలి. ఆరు వారాల నుంచి ఆరు నెలల వయసులో, టీకాలు పూర్తికాని పిల్లకు విరేచనాలు మొదలైతే ముందు పార్వో వైరస్‌ను అనుమానించాలి. పార్వో ప్రాణం తీస్తుంది, దాన్ని ప్రోబయోటిక్ ఆపలేదు. చిన్న ప్రాణంలో నీరు ఎంత త్వరగా ఇంకిపోతుందో చూస్తే గుండె బరువెక్కుతుంది. ఒక్క రోజు కూడా ఇంట్లో చూస్తూ కూర్చోకండి.

నీరు తగ్గిందో లేదో ఇంట్లోనే ఇలా చూడొచ్చు. పెదవి పైకెత్తి చిగురు మీద వేలు పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న చిగురు తడిగా, జారుగా ఉంటుంది. వేలికి అంటుకుంటున్నట్టు, పొడిగా అనిపిస్తే నీరు తగ్గినట్టు. అదే చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. భుజాల మధ్య చర్మాన్ని పట్టి లేపి వదిలితే వెంటనే వెనక్కి వాలిపోవాలి, మడతలా నిలబడకూడదు. కొన్ని కుక్కలకు చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటికి కంటి కింది రెప్ప లోపలి పొర రంగు చూడండి. ఇవన్నీ మీ కుక్క బాగున్నప్పుడే ఒకసారి చేసి చూసుకోండి. మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా పట్టుకోగలరు.

కుక్క హుషారుగా ఉంది, తింటోంది, తాగుతోంది, మలం మాత్రం వదులుగా ఉంది అంటే ఒకటి రెండు రోజులు ఇంట్లో చూసుకోవచ్చు. పెద్ద కుక్కకైనా రెండు రోజులు దాటితే డాక్టర్‌కు చూపించాలి. నెలల తరబడి వచ్చిపోతున్న విరేచనాలైతే ముందు మల పరీక్ష చేయించండి. జియార్డియా, కొంకి పురుగులు, విప్‌వార్మ్ లాంటి పరాన్నజీవులు పేగుల్లో ఉంటే ఎంత మంచి ప్రోబయోటిక్ ఇచ్చినా వాటిని చంపదు. మూల కారణం అలాగే ఉండిపోతుంది, మనం మాత్రం ఏదో చేస్తున్నామన్న తృప్తితో నెలలు గడిపేస్తాం.

రెండో మెట్టు: ఒక నోట్‌బుక్ పెట్టండి

నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. చాలామంది వదిలేసేది కూడా ఇదే. "కొంచెం బాగున్నట్టుంది" అన్న మాటతో డాక్టర్ ఏమీ చేయలేరు. మీకూ ఏం తెలియదు.

ప్రతిసారీ మలం చూసి ఒక అంకె వేయండి. వెటర్నరీ క్లినిక్‌లలో 1 నుంచి 7 వరకు ఉండే పట్టిక ఒకటి వాడతారు. 1 అంటే గట్టి గట్టి ఉండలు, మలబద్ధకం. 2 అంటే గట్టిగా ఉంటూనే నొక్కితే లొంగేది, గీతలు గీతలుగా ముక్కలు కనిపించేది, తీసేశాక నేల మీద దాదాపు ఏ మరకా మిగలనిది. మనకు కావాల్సింది ఇదే. 3 కూడా ఫర్వాలేదు, ఆకారం ఉంటుంది గానీ పైన తడిగా మెరుస్తుంది, నేల మీద కాస్త అంటుకుంటుంది. 4 చూడటానికి కర్రలాగే ఉంటుంది, ఎత్తబోతే చెదిరిపోతుంది. 5 కుప్పలుగా పడుతుంది. 6కి ఆకారమే ఉండదు. 7 నీళ్లు.

అంకె పక్కన ఇంకో రెండు మూడు మాటలు రాయండి. రోజుకు ఎన్నిసార్లు? ముక్కుతోందా? జిగురు ఉందా? ఈ వివరాలు ఎందుకంటే, సమస్య ఎక్కడ ఉందో అవి చెబుతాయి. కొద్దికొద్దిగా చాలాసార్లు, ముక్కుతూ, జిగురుతో, చివర్లో ఒకటి రెండు ఎర్రటి చుక్కలతో వస్తుంటే సాధారణంగా అది పెద్దపేగు సమస్య. ఎక్కువ మోతాదులో, తక్కువ సార్లు వస్తూ, కుక్క బరువు తగ్గుతుంటే చిన్నపేగు వైపు చూడాలి. డాక్టర్ గదిలోకి వెళ్లి మీరు ఈ రెండు వాక్యాలు చెప్పగలిగితే ఆయన పని సగం తేలికైపోతుంది.

ఆ రోజు తిండి, కొత్తగా ఇచ్చిన స్నాక్స్, ఇంటికి చుట్టాలు రావడం, పటాసుల చప్పుళ్లు, ఏదైనా మందు, అన్నీ ఒక లైన్‌లో రాయండి. సమస్య అత్యవసరం కాకపోతే ప్రోబయోటిక్ మొదలుపెట్టకముందే ఒక వారం ఇలా రాయండి. చుక్కి నోట్‌బుక్‌లో నేను గమనించింది చెప్తాను. ఉదయం మలం ఎప్పుడూ 2, సాయంత్రం రెండోసారి వచ్చేది మాత్రం 4. అది జబ్బు కాదు, మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురం ఎవరికి వాళ్లం ఇస్తున్న బిస్కెట్లు. బిస్కెట్లు ఆపాక సాయంత్రం అంకె కూడా 2కి వచ్చింది. ఆ సమస్యకు ప్రోబయోటిక్ అవసరమే రాలేదు.

మూడో మెట్టు: ఎందుకు ఇస్తున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

"ఆరోగ్యానికి మంచిదట" అనేది కారణం కాదు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిన విరేచనాలు, ఉన్నట్టుండి మొదలైన మామూలు విరేచనాలు, ప్రయాణం లేదా బోర్డింగ్ (మనం ఊరెళ్లినప్పుడు కుక్కను అప్పగించే చోటు) టెన్షన్‌తో పాడయ్యే కడుపు, తిండి మార్పు: వీటికి ప్రోబయోటిక్ ఇచ్చి చూడటంలో అర్థం ఉంది. దీర్ఘకాలిక పేగు వాపు ఉన్న కుక్కలకు అసలు చికిత్సతో పాటు తోడుగా డాక్టర్లు ఇస్తారు. దురదలు, అలర్జీలు, నోటి వాసన, ప్రవర్తన అంటూ డబ్బాల మీద రాసేవాటికి ఆధారాలు ఇంకా పలుచగానే ఉన్నాయి. వాటి కోసం డబ్బు పెట్టే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

ఇమ్యూనిటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పేగు గోడ వెంట శరీరంలోని రోగనిరోధక కణాల్లో చాలా పెద్ద భాగం కాపలా ఉంటుంది. అక్కడి కణాలు ఐజీఏ అనే యాంటీబాడీని పేగులోకి వదులుతాయి. అది క్రిములను గోడకు అతుక్కోకుండా పట్టుకుంటుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో పాలు మాన్పించినప్పటి నుంచి ఏడాది వయసు వరకు కుక్కపిల్లలకు ఎంటరోకాకస్ ఫీసియం ఎస్ఎఫ్68 అనే రకం ప్రోబయోటిక్ కలిపిన తిండి పెట్టారు. వాటి మలంలో ఐజీఏ ఎక్కువగా కనిపించింది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు రాకుండా వేసే టీకాకు వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలు కూడా మిగతా పిల్లల కన్నా ఎక్కువే ఉన్నాయి. వినడానికి ఎంతో బాగుంది, ఆశ కూడా కలుగుతుంది. కానీ ఇందులో టీకా వేసిన పిల్లలకు టీకా ఇంకాస్త బాగా పట్టిందని ఉంది తప్ప, టీకా లేకుండా ప్రోబయోటిక్ కాపాడిందని లేదు. ఇమ్యూనిటీ కోసం ప్రోబయోటిక్ ఇస్తున్నాం కదా అని ఒక్క టీకా తేదీ కూడా దాటనివ్వకండి. డీవార్మింగ్ కూడా అంతే.

నాలుగో మెట్టు: లేబుల్ చదవడం

షాపులో డబ్బా చేతిలోకి తీసుకుని ముందున్న కుక్క ఫొటోను కాదు, వెనక ఉన్న చిన్న అక్షరాలను చదవండి.

బ్యాక్టీరియా పేరు పూర్తిగా ఉందా చూడండి. "లాక్టోబాసిల్లస్" అని మాత్రమే రాస్తే సరిపోదు. ప్రజాతి (మొదటి పేరు), జాతి (రెండో పేరు), ఆ తర్వాత అక్షరాలు, అంకెలతో ఉండే స్ట్రెయిన్ పేరు ఉండాలి. ఎందుకంటే పరిశోధనలు జరిగేది ఒక్కో స్ట్రెయిన్ మీద. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అన్నదమ్ములందరికీ ఒకే పని రాదు కదా. ఉదాహరణకు బిఫిడోబ్యాక్టీరియం అనిమాలిస్ ఏహెచ్‌సీ7 అనే స్ట్రెయిన్‌ను కుక్క పేగు నుంచే వేరుచేశారు. ఉన్నట్టుండి విరేచనాలు పట్టుకున్న కుక్కల మీద పరీక్షిస్తే, దాన్ని తీసుకున్నవి సగటున 3.9 రోజుల్లో తేరుకున్నాయి, తీసుకోనివాటికి 6.6 రోజులు పట్టింది. ఈ అంకెలు ఆ స్ట్రెయిన్‌కే వర్తిస్తాయి, పక్కనున్న ఇంకో బిఫిడోబ్యాక్టీరియానికి కాదు. ఇంకో సంగతి కూడా గమనించండి: తీసుకోని కుక్కలు కూడా సగటున వారంలో తేరుకున్నాయి. మామూలు విరేచనాలు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ప్రోబయోటిక్ ఆ రోజులను కొంచెం కుదిస్తుంది.

తర్వాత సీఎఫ్‌యూ అంకె. ప్రాణంతో ఉండి పెరగగల సూక్ష్మజీవుల లెక్క అది. కుక్కల ఉత్పత్తుల్లో రోజు మోతాదు ఇంచుమించు 10 కోట్ల నుంచి 1000 కోట్ల వరకు ఉంటుంది. పెద్ద అంకె ఉన్నదే మంచిదని కాదు, ఆ స్ట్రెయిన్ ఏ మోతాదులో పని చేసిందన్నది ముఖ్యం. ఆ లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ నాటిదా అన్నది కూడా చూడండి. గడువు తేదీ వరకు హామీ ఇచ్చేదాన్నే నేను నమ్ముతాను.

లేబుల్ ఉన్నంత మాత్రాన లోపల అదే ఉంటుందనీ కాదు. 2011లో కెనడా పశువైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో 25 ఉత్పత్తులను పరీక్షిస్తే, లెక్క స్పష్టంగా రాసిన 15లో 4 మాత్రమే రాసినంత బ్యాక్టీరియా ఇచ్చాయి. అందుకే తయారీదారును సూటిగా అడగండి: ఏ స్ట్రెయిన్, బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయించారా, కుక్కల మీద అధ్యయనం ఉందా? జవాబు ఇవ్వని కంపెనీ డబ్బాను తిరిగి షెల్ఫ్‌లో పెట్టేయండి.

చివరగా మిగతా పదార్థాలు. ఇక్కడ ఒక్క పేరు ప్రాణం మీదికి తెస్తుంది: జైలిటాల్. మనుషుల చూయింగ్ గమ్‌లలో, చప్పరించే గమ్మీలలో, చక్కెర లేని పెరుగుల్లో ఉండే తీపి పదార్థం ఇది. కుక్క శరీరంలోకి వెళ్తే ఇన్సులిన్ ఒక్కసారిగా ఉబికి, రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. మనుషుల కోసం చేసిన ప్రోబయోటిక్ గమ్మీలు, రుచులు కలిపిన సాషేలు కుక్కకు పెట్టకండి. డాక్టర్ ప్రత్యేకంగా రాసిన మనుషుల క్యాప్సూల్ అయితే పదార్థాల జాబితా ఆయనకు చూపించి వాడండి.

పెరుగు పెడితే చాలదా?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇది. పెరుగు పెట్టడంలో తప్పు లేదు. చక్కెర, పండ్లు, రుచులు ఏమీ లేని సాదా పెరుగు చిన్న కుక్కకు ఒక టీస్పూన్, పెద్ద కుక్కకు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు చాలామటుకు పడుతుంది. కానీ దాన్ని చికిత్సగా లెక్కపెట్టకండి. అందులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో మనకు తెలియదు. పైగా వయసొచ్చిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ సరిగ్గా అరగదు. పెరుగులో లాక్టోజ్ పాలకన్నా తక్కువే అయినా, అప్పటికే విరేచనాలతో ఉన్న కడుపుకి అది ఇంకో బరువు. ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చిన కుక్కకు మీగడ ఉన్న పెరుగు అసలు వద్దు.

ఐదో మెట్టు: మొదలుపెట్టడం

డాక్టర్ మోతాదు చెప్పి ఉంటే అదే ఇవ్వండి. లేకపోతే లేబుల్ మీద బరువును బట్టి ఉన్న మోతాదు చూడండి. కడుపు సున్నితమైన కుక్కైతే మొదటి రెండు మూడు రోజులు సగం మోతాదు ఇచ్చి తర్వాత పూర్తి మోతాదుకు వెళ్లండి. మొదట్లో కాస్త గ్యాస్, కడుపులో గుడగుడలు, మలం కొంచెం వదులవడం ఉండొచ్చు. నాలుగైదు రోజుల్లో అవి తగ్గాలి. తగ్గకుండా పెరిగితే, లేదా దురద, ముఖం వాపు, వాంతులు కనిపిస్తే ఆపేసి డాక్టర్‌కు చెప్పండి. పౌడర్‌కు రుచి కోసం కలిపే మాంసపు పదార్థం పడని కుక్కలు కూడా ఉంటాయి. తిండి అలర్జీ ఉన్న కుక్కకు కొనేటప్పుడు ఇది తప్పక చూడండి.

ఆ వారంలో ఇంకేదీ మార్చకండి. తిండి మార్చి, ప్రోబయోటిక్ మొదలుపెట్టి, కొత్త స్నాక్స్ తెస్తే, మలం బాగైనా పాడైనా దేనివల్లో ఎప్పటికీ తెలియదు.

కీమోథెరపీలో ఉన్నవి, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవి, ఆసుపత్రిలో తీవ్ర జబ్బుతో ఉన్నవి, రోజుల వయసున్న పిల్లలు: వీటికి మీ అంతట మీరు ఇవ్వకండి. కాపలా బలహీనంగా ఉన్న శరీరంలో మంచి బ్యాక్టీరియా కూడా దారి తప్పి రక్తంలోకి చేరే ప్రమాదం ఉంటుంది.

ఆరో మెట్టు: కలిపే తీరు

గిన్నెలో తిండి ముందు చల్లారనివ్వండి. చేతి వెనక భాగం ఆనిస్తే గోరువెచ్చగా కూడా అనిపించకూడదు, గది వేడిమికి రావాలి. సాషే చింపి, రోజు తిండి మొత్తం మీద కాకుండా మొదటి రెండు మూడు ముద్దలకు సరిపడే తిండిలో కలపండి. అది తినేశాక మిగతాది పెట్టండి. ఇలా చేస్తే గిన్నె అడుగున పొడి మిగిలిపోదు. కిబుల్ (గుళికల్లా ఉండే డ్రై ఫుడ్) తినే కుక్కైతే కిబుల్ మీద ఒక చెంచా చల్లని నీళ్లు చల్లి, పౌడర్ వేసి తిప్పండి, లేకపోతే పౌడరంతా కిందికి జారిపోతుంది. కలిపింది గంటల తరబడి గిన్నెలో ఉంచకండి.

రోజూ ఒకే సమయం పాటించండి. మేము ఉదయం నడక అయ్యాక ఇస్తాం. ఎవరు ఇచ్చారో తెలియక రెండుసార్లు పడకుండా ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి టిక్ పెడతాం.

నిల్వ లేబుల్ చెప్పినట్టే చేయండి. కొన్ని ఫ్రిజ్‌లో ఉండాలి, కొన్ని అక్కర్లేదు. బాసిల్లస్ జాతివి గట్టి పైపొరతో బీజాల రూపంలో ఉంటాయి కాబట్టి వేడిని కొంత ఓర్చుకుంటాయి, లాక్టోబాసిల్లస్, బిఫిడోబ్యాక్టీరియం అంత ఓర్చుకోవు. ఎండలో ఆపిన కారులో మర్చిపోయిన డబ్బాను మాత్రం ఏదైనా సరే నమ్మకండి. తడి చెంచా డబ్బాలో ముంచకండి. తేమ తగిలితే నిద్రాణంగా ఉన్న బ్యాక్టీరియా లేచి, తినడానికేమీ లేక చచ్చిపోతుంది.

యాంటీబయాటిక్ కోర్సు నడుస్తుంటే

యాంటీబయాటిక్‌కు మంచి బ్యాక్టీరియా, చెడు బ్యాక్టీరియా అన్న తేడా తెలియదు. రెండూ ఒకేసారి పెడితే మీరిచ్చింది వృథా. కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, ఇంకా ఎక్కువ ఉంచగలిగితే ఇంకా మంచిది. కోర్సు అయ్యాక కూడా కొన్ని వారాలు కొనసాగించమని డాక్టర్లు చెబుతుంటారు. శాక్రోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా కాదు, ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్. బ్యాక్టీరియాను చంపే మందులు దాన్ని ఏమీ చేయవు కాబట్టి ఈ సమయంలో డాక్టర్లు దాన్ని ఎంచుకోవచ్చు. కుక్క ఫంగస్ మందు వాడుతుంటే మాత్రం ఆ మందు దాన్ని చంపేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, విరేచనాలు వస్తున్నాయని యాంటీబయాటిక్‌ను మధ్యలో మీ అంతట మీరు ఆపేయకండి. ఫోన్ చేసి చెప్పండి.

ఏడో మెట్టు: వాటికి తిండి పెట్టండి

బ్యాక్టీరియాకు కావాల్సిన పీచునే ప్రీబయోటిక్ అంటారు. ఇనులిన్, ఎఫ్‌ఓఎస్ అనే పేర్లతో చాలా డబ్బాల్లో ముందే కలిపి ఉంటుంది. అలా ఉంటే విడిగా ఇవ్వక్కర్లేదు. లేకపోతే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా మెత్తగా ఉడికించిన గుమ్మడికాయ చిన్న కుక్కకు ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టొచ్చు. ఇది ప్రోబయోటిక్ అలవాటైన వారం తర్వాతే. ఎక్కువైతే అదే విరేచనాలు తెస్తుంది.

తిండి మార్చాల్సి వస్తే వారం తీసుకోండి. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత రెండు రోజులు సగం, తర్వాత రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. మధ్యలో అంకె 4 దాటితే ముందటి మెట్టు మీదే ఇంకో రెండు రోజులు ఆగండి.

ఎంతకాలం ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి

ఉన్నట్టుండి వచ్చిన విరేచనాలకు రెండు మూడు రోజుల్లో అంకె తగ్గడం కనిపించాలి. మలం 2 లేదా 3 మీద నిలబడ్డాక కూడా ఇంకో వారం ఇచ్చి ఆపొచ్చు. దీర్ఘకాలిక సమస్యకు నాలుగు నుంచి ఆరు వారాలు ఒకే ఉత్పత్తి, ఒకే మోతాదు ఇవ్వండి. మొదటి వారం నోట్‌బుక్, చివరి వారం నోట్‌బుక్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. ఒక స్ట్రెయిన్ పడకపోతే డాక్టర్‌ను అడిగి వేరేది ప్రయత్నించడంలో తప్పులేదు, కానీ డబ్బా మీద డబ్బా మారుస్తూ అసలు పరీక్షలు వాయిదా వేయకండి. తేడా ఉంటే కూడా ఒకసారి రెండు వారాలు ఆపి చూడండి. ఆపినా మలం 2 మీదే ఉంటే ఇక అవసరం లేదన్నమాట. మళ్లీ 4కి జారితే డాక్టర్‌తో మాట్లాడి కొనసాగించండి.

బోర్డింగ్‌కో, ప్రయాణానికో వెళ్లేటప్పుడు కడుపు పాడయ్యే కుక్కకు వెళ్లడానికి వారం ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక వారం వరకు ఇవ్వండి. బోర్డింగ్‌లో అప్పగించేటప్పుడు సాషేలను రోజుకొకటి చొప్పున తేదీ రాసిన చిన్న కవర్లలో పెట్టి, "చల్లని తిండిలోనే కలపాలి" అని పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చుక్కి సంచిలో నేను నోట్‌బుక్ కూడా పెడతాను, అక్కడివాళ్లు రోజూ అంకె వేసి పంపుతారు. పోయినసారి మూడో రోజు 5 అని రాసి ఉంది, పక్కన "కొత్త కుక్క వచ్చింది, రాత్రంతా మొరిగింది" అని. ఐదో రోజుకి మళ్లీ 2.